ముక్కు చూశావా?
(ఫ్లెమింగోలలో పెద్దదేదో, చిన్నదేదో గుర్తుపట్టడం ఎలా?)



మన హాస్టల్ సంచికలో కవితలు, పొడుపు కథలు, జోకులు ఎక్కువగా వస్తాయి. నేను ఒక పాఠం రాసి పంపుతానంటే సంచిక పని చూస్తున్న తమ్ముడు "అన్నా, పాఠాలు క్లాసులో ఎలాగూ ఉన్నాయి కదా, ఇక్కడ కూడానా?" అన్నాడు. ఇది పరీక్షలో మార్కులు వచ్చే పాఠం కాదు, నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం అని చెప్పాను. అప్పుడు ఒప్పుకున్నాడు.

పి.గన్నవరం హాస్టల్లో ఉన్న రోజుల్లో నాకు పక్షుల పిచ్చి ఏమీ లేదు. సాయంత్రం స్టడీ అవర్‌కి బెల్లు కొట్టేలోగా అక్విడక్టు దాకా నడిచి వెళ్లి, వైనతేయ పాయ మీదుగా కొంగలు బారులు తీరి లంకల వైపు పోతుంటే చూసేవాళ్లం. ఏ పక్షి అని ఎవరైనా అడిగితే "కొంగ" అనేవాళ్లం. తెల్లగా ఉంటే కొంగ, నల్లగా ఉంటే కాకి. అంతకు మించి మాకు అక్కర లేకపోయింది.

తర్వాత డిగ్రీ చదివేటప్పుడు జువాలజీ లెక్చరర్ ఒకాయన జనవరిలో జరిగే నీటి పక్షుల లెక్కింపుకి మా బ్యాచ్ నుంచి కొందరిని పులికాట్ సరస్సుకి తీసుకెళ్లారు. ఆసియా దేశాల్లో ఏటా జనవరిలో ఇలా నీటి పక్షులను లెక్కపెడతారు. మన దేశంలో 1987 నుంచి జరుగుతోంది. నా చేతికి ఒక అట్ట, దాని మీద క్లిప్పు పెట్టిన ఫారం, పెన్సిలు ఇచ్చారు. నలుగురికి కలిపి ఒక బైనాక్యులర్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. ఆ దారిలో అటకానితిప్ప దగ్గర ఆగాం. నీళ్లలో దూరంగా లేత గులాబీ గీత గీసినట్టు ఫ్లెమింగోలు. వాటి పక్కనే కాస్త పొట్టిగా, బూడిద రంగులో మరో గుంపు.

ఫ్లెమింగోలలో పెద్దది, చిన్నది అని రెండు జాతులు మన దేశంలో ఉన్నాయని రాత్రే చదివి ఉన్నాను. ఇంకేముంది, "సార్, లెస్సర్ ఫ్లెమింగోలు!" అని కేక పెట్టాను. ఇరవై ఆరు లెక్కపెట్టి, ఫారంలో చిన్న ఫ్లెమింగో గడిలో రాసేశాను కూడా.

సారు వచ్చి ఫారం చూశారు. "ముక్కు చూశావా?" అన్నారు. చూడలేదు. "కాళ్లు?" చూడలేదు. "మరి ఏం చూశావు?" "చిన్నగా ఉన్నాయి సార్, రంగు వేరుగా ఉంది సార్." ఆయన ఏమీ అనకుండా బైనాక్యులర్ నా చేతిలో పెట్టారు. చూస్తే ముక్కు లేత బూడిద రంగు, చివర మాత్రం నలుపు. అవి చిన్న ఫ్లెమింగోలు కావు. పెద్ద ఫ్లెమింగోల పిల్లలు!

ఫారంలో రాసింది కొట్టేయాల్సి వచ్చింది. తోటివాళ్లు నవ్వారు. వాళ్లు మామూలుగానే నవ్వి ఉంటారు గానీ, హాస్టల్ నుంచి వచ్చినవాడు కదా అని నవ్వారేమోనని నాకు అనిపించి, తిరుగు ప్రయాణంలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ బాధ ఏమిటో మీలో కొందరికి చెప్పనక్కర్లేదు. కానీ అదే సారు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఫారం మళ్లీ నా చేతికే ఇచ్చారు. ఆ రోజు నుంచి నేర్చుకున్నదే ఇప్పుడు మీకు రాస్తున్నాను.

ముందు మన చేలో కొంగలు

పులికాట్ దాకా వెళ్లక ముందే ఈ విద్యను ఇక్కడే సాధన చేయవచ్చు. దాళ్వాకి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనకాల పడే తెల్ల పక్షులను చూడండి. అన్నీ కొంగలే, కానీ అన్నీ ఒకటి కాదు.

గేదెల వెంట, ట్రాక్టరు వెంట తిరిగేది పొట్టి మెడ, పసుపు ముక్కు ఉన్న పశువుల కొంగ. గుడ్లు పెట్టే కాలంలో దాని తల, మెడ, వీపు మీద నారింజ రంగు వస్తుంది. ఆ రంగు చూసి అది వేరే పక్షి అనుకునేవారు చాలామంది. కాలవ గట్టున ఒంటరిగా నిలబడి నీళ్లలో కాలు కదుపుతూ చేపను బెదరగొట్టేది చిన్న తెల్లకొంగ. దీని ముక్కు నలుపు, కాళ్లు నలుపు, వేళ్లు మాత్రం పసుపు. పసుపు మేజోళ్లు తొడుక్కున్నట్టు ఉంటుంది, ఒక్కసారి చూస్తే మరిచిపోరు.

మిగిలిన రెండే చిక్కు. మధ్యరకం కొంగ, పెద్ద తెల్లకొంగ. రెంటికీ నల్ల కాళ్లు, రెంటికీ మామూలు రోజుల్లో పసుపు ముక్కు. పక్కపక్కన ఉంటే పెద్దది తెలుస్తుంది. ఒక్కటే ఉంటే? అప్పుడు నోటి చీలిక చూడాలి. ఆ గీత కంటి కిందే ఆగిపోతే మధ్యరకం. కంటిని దాటి వెనక్కి పోతే పెద్ద తెల్లకొంగ. పైగా గుడ్లు పెట్టే రోజుల్లో పెద్దదాని ముక్కు పసుపు పోయి నల్లగా మారుతుంది. అంటే రంగు మారుతుంది, గీత మారదు. ఈ ఒక్క మాట గుర్తుంటే ఫ్లెమింగోల పాఠం సగం వచ్చినట్టే.

ఫ్లెమింగో అంటే

మన పత్రికల్లో ఫ్లెమింగో అని, రాజహంస అని రెండు రకాలుగా రాస్తారు. పాలనూ నీళ్లనూ వేరు చేసే పురాణాల హంసకీ దీనికీ సంబంధం కలపకండి. ఇది బాతు కాదు, కొంగ కూడా కాదు. తనదంటూ వేరే కుటుంబం. ప్రపంచం మొత్తం మీద ఆరే ఆరు జాతులు.

దూరంగా ఎగురుతున్నప్పుడు కొంగా, ఫ్లెమింగోనా అన్నది తేలిగ్గా చెప్పవచ్చు. కొంగ మెడను ముడిచి భుజాల మధ్య పెట్టుకుని ఎగురుతుంది. ఫ్లెమింగో మెడను ముందుకు, కాళ్లను వెనక్కి సాచి, కర్రకు రెక్కలు కట్టినట్టు ఎగురుతుంది. రెక్క విప్పితే ముందు భాగం ఎరుపు, వెనక అంచు నలుపు. నేల మీద నిలబడినప్పుడు ఈ నలుపు దాగిపోతుంది. అందుకే ఫ్లెమింగో గుంపు ఒక్కసారిగా లేచినప్పుడు సరస్సుకి రంగు వేసినట్టు ఉంటుంది.

ఇంకో పక్షితో కూడా జాగ్రత్త పడాలి. అది ఎర్రకాళ్ల కొంగ. దాన్నే పెయింటెడ్ స్టార్క్ అంటారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, రాయలసీమలో వీరాపురం గ్రామాల్లో చెట్ల మీద గూళ్లు పెట్టేది ఇదే. దీని వెనక ఈకలు కూడా గులాబీ రంగులో ఉంటాయి. కానీ ముక్కు పొడుగ్గా, పసుపు రంగులో, దాదాపు తిన్నగా ఉంటుంది. రొమ్ము మీద నల్ల పట్టీ ఉంటుంది. ఫ్లెమింగో ముక్కు మధ్యలో విరిగినట్టు కిందికి వంగి ఉంటుంది. (ఈ ఎర్రకాళ్ల కొంగలను సైబీరియా పక్షులని రాసే అలవాటు ఒకటి ఉంది. ఇవి మన దేశంలోనే పుట్టి పెరిగే పక్షులు. సైబీరియా అనగానే గొప్పగా ఉంటుందని కాబోలు, ఆ మాట వదలరు.)

పెద్దది, చిన్నది

పెద్ద ఫ్లెమింగో శాస్త్రీయ నామం ఫీనికాప్టెరస్ రోజియస్. చిన్నదాని పేరు ఫీనికొనయాస్ మైనర్. పెద్దది నిలబడితే నాలుగు నుంచి అయిదు అడుగుల ఎత్తు, అంటే మనలో ఎనిమిదో తరగతి పిల్లవాడంత. చిన్నది 80 నుంచి 90 సెంటీమీటర్లు, మూడడుగులకు లోపే. రెండూ పక్కపక్కన నిలబడితే చిన్నదాని తల పెద్దదాని వీపును కాస్త దాటుతుంది, అంతే. బరువు పెద్దది 2 నుంచి 4 కిలోలు తూగితే, చిన్నది ఒకటింపావు నుంచి రెండున్నర కిలోల చుట్టుపక్కల ఉంటుంది.

ఎత్తు చూసి చెప్పేయవచ్చు కదా అంటారా? నేను పడిన గుంట అదే. పెద్ద ఫ్లెమింగోలలో మగ పక్షి కన్నా ఆడ పక్షి బాగా పొట్టి. పిల్ల పక్షి ఇంకా పొట్టి. పక్కన పోల్చడానికి తెలిసిన పక్షి లేకపోతే, నీళ్ల మీద దూరం సరిగా తెలియక ఎత్తు అంచనా తప్పుతుంది. మోకాలి లోతు నీళ్లలో ఉన్నదీ, గట్టు మీద ఉన్నదీ ఒకటే జాతి అయినా వేర్వేరుగా కనిపిస్తాయి.

మోకాలు అన్నాను గానీ, ఫ్లెమింగో కాలు మధ్యలో వెనక్కి వంగే చోటు మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట దగ్గర ఈకల్లో ఉంటుంది. కొంగకీ, కోడికీ కూడా అంతే. ఆదివారం మెస్‌లో కోడి వండిన రోజు కాలు ముక్క పట్టుకుని చూసుకోండి!

ఇక రంగు. పెద్దది దాదాపు తెలుపు, దానికి లేత గులాబీ ఛాయ. చిన్నది ముదురు గులాబీ. పుస్తకంలో ఇలాగే ఉంటుంది, నిజమే. కానీ ఫ్లెమింగో పుట్టుకతో గులాబీ కాదు. గుడ్డులోంచి బూడిద తెలుపు రంగులో వస్తుంది. తిండిలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల మెల్లగా, కొన్నేళ్లకు గులాబీ రంగు పడుతుంది. రొయ్యను ఉడికిస్తే ఎర్రబడుతుందే, ఆ ఎరుపు కూడా ఈ జాతి పదార్థమే. ఆ తిండి తగ్గితే పక్షి వెలిసిపోతుంది. జంట కట్టే కాలంలో పెద్ద ఫ్లెమింగో తన తోక దగ్గరి గ్రంథిలోని రంగు నూనెను ముక్కుతో తీసి మెడకి, ఈకలకి రాసుకుని మరింత మెరుస్తుంది. అలంకరణ చేసుకునే పక్షిని రంగు చూసి నమ్మడం ఎలా? వెలిసిన చిన్నది, బాగా తిన్న పెద్దది దూరం నుంచి ఒకే రంగులో కనబడవచ్చు.

అందుకే ముక్కు. పెద్ద ఫ్లెమింగో ముక్కు గులాబీ రంగు, కొస మాత్రమే నలుపు. పెన్ను కొసని సిరాలో ముంచి తీసినట్టు. చిన్నదాని ముక్కు ముదురు ఎరుపు నలుపుల కలయిక. దూరానికి మొత్తం నల్లగా కనిపిస్తుంది. కన్ను కూడా తోడు తెచ్చుకోండి. పెద్దదాని కన్ను లేత పసుపు, చిన్నదాని కన్ను ఎర్రగా ఉండి చుట్టూ ముదురెరుపు చర్మం ఉంటుంది. అందువల్ల చిన్నదాని మొహమే నల్లబడినట్టు అనిపిస్తుంది. పిల్ల పక్షుల విషయంలో కూడా ముక్కే దిక్కు. పెద్దదాని పిల్లకు ముక్కు లేత బూడిద, కొస నలుపు, కాళ్లు ముదురు బూడిద. చిన్నదాని పిల్లకు ముక్కంతా ముదురుగా ఉంటుంది. రంగులు వెలిసినా "కొస మాత్రమే నలుపా, మొత్తం ముదురా" అన్న తేడా పోదు.

ముక్కు ఎందుకు వేరు?

నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది. రెండు పక్షులూ తలను తలకిందులుగా నీళ్లలో పెట్టి తింటాయి. నాలుకను పంపులా ఆడించి నీళ్లు లోపలికి లాగి, బయటికి నెడతాయి. ముక్కు లోపల దువ్వెన పళ్లలాంటి పొరలు వరసగా ఉండి తిండిని ఆపేస్తాయి. అంటే ముక్కే ఒక వల. మనకి వల సంగతి ఒకరు చెప్పాలా? చేపల వల కన్ను వేరు, రొయ్య పిల్లల వల కన్ను వేరు. పెద్ద ఫ్లెమింగో వల కన్ను పెద్దది. అది సరస్సు అడుగు బురదలోని చిన్న రొయ్యలు, నత్తలు, పురుగుల పిల్లలు, గింజలు పట్టుకుంటుంది. చిన్న ఫ్లెమింగో వల కన్ను చాలా సన్నం. అది నీటి పైభాగంలో తేలే నీలి ఆకుపచ్చ శైవలాలను, ముఖ్యంగా స్పిరులినా రకాన్ని జల్లిస్తుంది. కంటికి కనిపించని దాన్ని తిని అంత ఒళ్లు పెంచుకుంటుంది!

దీనివల్ల మనకో గుర్తు దొరుకుతుంది. ముక్కు కూడా కనపడనంత దూరంలో ఉన్నా, తినే తీరు కనపడుతుంది. తల మొత్తం, ఒక్కోసారి మెడ కూడా నీళ్లలో ముంచి బురద కలియబెడుతుంటే పెద్దది అయి ఉండవచ్చు. తలను పై నీళ్లలోనే ఉంచి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంటే చిన్నది అయి ఉండవచ్చు. "అయి ఉండవచ్చు" అనే అంటున్నాను. దీని ఒక్కదాని మీద ఆధారపడి ఫారం నింపకండి. మా సారు అలాంటివి వేరే కాగితం మీద "జాతి తెలియదు" అని రాయమనేవారు. ఫారంలో ఆ గడి కూడా ఒకటి ఉంటుంది. దాన్ని వాడటానికి సిగ్గుపడేవాళ్లే నాలాంటి తప్పులు చేస్తారు.

పులికాట్‌లో మనకు కనిపించేవి దాదాపు అన్నీ పెద్ద ఫ్లెమింగోలే. చిన్నవి అక్కడ అరుదు. అవి గుజరాత్‌లోనూ, ముంబయి దగ్గర ఠాణే కడలిపాయలోనూ ఎక్కువగా కనపడతాయి. ప్రపంచంలో సంఖ్య లెక్కన చూస్తే ఆరు జాతుల్లోకీ చిన్నదే ఎక్కువ, చాలావరకు ఆఫ్రికాలో ఉంది. అయినా అది గుడ్లు పెట్టే చోట్లు చాలా తక్కువ కాబట్టి ముప్పుకు దగ్గరగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. పెద్దది ఆ జాబితాలో లేదు. ఇప్పుడు నా ఇరవై ఆరు సంగతి ఆలోచించండి. ఆ ఫారం అలాగే పైకి పోయి ఉంటే, అరుదైన పక్షి ఇరవై ఆరు కనిపించిందని ఎక్కడో నమోదయ్యేది. ఇంకొకరు దాన్ని చూసి రాసేవారు. ఆ పక్షులు నిజంగా తగ్గిపోతున్నాయా, పెరుగుతున్నాయా అని చూసేవారికి నా తప్పు అడ్డం పడేది.

మిగతా నలుగురు

మిగిలిన నాలుగు జాతులూ అమెరికా ఖండాలవి. మనకి జనరల్ నాలెడ్జ్ కోసం, జూ పార్కుల కోసం పనికొస్తాయి. వీటిని కాళ్లతో గుర్తుపెట్టుకోవడం తేలిక. పసుపు కాళ్లు ఉన్నది ఒక్క ఆండియన్ ఫ్లెమింగోకే. బూడిద కాళ్లు ఉండి కీళ్ల దగ్గర మాత్రం గులాబీ రంగు ఉంటే చిలీ ఫ్లెమింగో. ఇటుక ఎరుపు కాళ్లు, పసుపు ముక్కు, కొస నలుపు ఉంటే జేమ్స్ ఫ్లెమింగో. ఇది అంతరించిపోయిందనే అనుకున్నారు, 1950లలో ఆండీస్ కొండల్లో ఎత్తైన ఉప్పు సరస్సుల దగ్గర మళ్లీ దొరికింది. ఆండియన్, జేమ్స్ రెంటికీ కాలికి వెనక వేలు ఉండదు, మిగతా నాలుగింటికీ ఉంటుంది.

నాలుగోది అమెరికన్ ఫ్లెమింగో, కరీబియన్ అని కూడా అంటారు. ఒళ్లంతా ఎర్రటి గులాబీ రంగు. క్యాలెండర్ల మీద, నోటు పుస్తకాల అట్టల మీద వచ్చే బొమ్మ ఇదే. పులికాట్ గురించిన పుస్తకాల్లో కూడా కొన్నిసార్లు ఈ బొమ్మే వేసేస్తారు. అది చూసి వెళ్లినవాళ్లు అక్కడ తెల్లటి పక్షులను చూసి "ఇవేనా?" అని నిరాశపడతారు. పూర్వం పెద్దదాన్నీ, అమెరికన్‌నీ ఒకే జాతిగా లెక్కించేవారు. అందుకని పాత పుస్తకాల్లో అయిదు జాతులనే ఉంటుంది, తప్పు పట్టకండి.

చూడాలనుకుంటే

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, కొంత తమిళనాడులో ఉంది. రాజమండ్రి నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గంలో గూడూరు దాటాక సూళ్లూరుపేట వస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ అని పండుగ 2001లో మొదలైంది, మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పండుగ రోజుల్లో జనం, మైకులు ఎక్కువ. పక్షులను చూడాలంటే ముందో వెనకో వెళ్లడం మేలని నా అభిప్రాయం. దగ్గరలోనే నేలపట్టు ఉంది. అక్కడ గూడబాతులు చెట్ల మీద గూళ్లు పెడతాయి. ఫ్లెమింగోలు మాత్రం అక్కడ గూడు పెట్టవు. అవి గుజరాత్‌లోని కచ్ రణ్‌లో బురదతో దిబ్బలా గూడు కట్టి, పైన గుంటలో ఒక్కటే గుడ్డు పెడతాయి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1945లో అక్కడికి వెళ్లి ఆ గూళ్ల నగరాన్ని చూసి వచ్చారు. పెద్ద ఫ్లెమింగో గుజరాత్ రాష్ట్ర పక్షి కూడా.

చివరగా చిన్న పరీక్ష. పుస్తకం మూసి జవాబు చెప్పండి.

1. గులాబీ రంగు ఛాయే లేని, బూడిద రంగు పొట్టి ఫ్లెమింగో కనిపించింది. ముక్కు లేత బూడిద, కొస నలుపు. ఏది?
2. వెనక ఈకలు గులాబీ, ముక్కు పసుపు, రొమ్ము మీద నల్ల పట్టీ. ఏ ఫ్లెమింగో?
3. గన్నవరం కాలవ గట్టున తెల్లకొంగ. ముక్కు నలుపు, కాళ్లు నలుపు, వేళ్లు పసుపు. ఏది?
4. సరస్సులో చాలా దూరంగా పది ఫ్లెమింగోలు. ముక్కులు కనపడటం లేదు, కాళ్లు నీళ్లలో ఉన్నాయి. ఫారంలో ఏం రాస్తారు?

జవాబులు: 1. పెద్ద ఫ్లెమింగో పిల్ల. 2. అసలు ఫ్లెమింగోనే కాదు, ఎర్రకాళ్ల కొంగ. 3. చిన్న తెల్లకొంగ. 4. ఫ్లెమింగోలు పది, జాతి తెలియదు.

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థి